చప్పట్ల మాటలు వెతికేవారికి గ్లాస్గో థెసారస్

ఆంగ్లంలో చప్పట్లను ఏ కాలంలో ఏమనేవారో తెలుసుకోవడానికి అకారాది నిఘంటువు అంతగా ఉపయోగపడదు. వెతకవలసిన మాట ముందే తెలిసి ఉండాలి కదా. గ్లాస్గో విశ్వవిద్యాలయం అంతర్జాలంలో ఉచితంగా అందిస్తున్న ‘హిస్టారికల్ థెసారస్ ఆఫ్ ఇంగ్లిష్’ ఆ ఇబ్బందిని తీరుస్తుంది. అక్కడి ఆంగ్లభాషాచార్యుడు మైఖేల్ శామ్యూల్స్ 1965లో తలపెట్టిన ఈ పని 2009లో రెండు బృహత్సంపుటాలుగా వెలువడింది. ఒకే అర్థం గల మాటలన్నీ ఇందులో ఒకచోట చేరి, ప్రాచీన ఆంగ్లం మొదలుకొని, ఏది ఎప్పుడు వాడుకలోకి వచ్చిందో తెలిపే సంవత్సరాలతో వరుసగా కనిపిస్తాయి. ఇంతటి శ్రమను రుసుము లేకుండా చదువరుల ముందుంచడం నిజంగా గొప్ప విషయం.

వెతుకులాటలో మాత్రం ఓపిక కావాలి. ‘క్లాప్’ అని కొడితే చప్పట్లతోపాటు ఉరుము, సుఖవ్యాధి కూడా వచ్చి పడతాయి. కాబట్టి మాటను కాక అర్థాన్ని పట్టుకొని విభాగాల్లోకి దిగడమే మేలు.

అసలు లోటు వేరే ఉంది. ఇక్కడ మాట, సంవత్సరం తప్ప ప్రయోగాలు, అంటే ఆ మాట వాడిన వాక్యాలు, ఉండవు. ‘కెంటిష్ ఫైర్’నే తీసుకోండి. కాథలిక్కులకు రాజకీయ హక్కులు ఇవ్వరాదంటూ 1828–29లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో జరిగిన సభల్లో జనం తెరలుతెరలుగా, ఎడతెగకుండా మోగించిన చప్పట్ల నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఆ వేడి ఒక్క సంవత్సరపు అంకెలో ఎలా తెలుస్తుంది? ‘ఎక్స్‌ప్లోడ్’ మొదట పేలడం కాదు, నచ్చని నటుణ్ణి చప్పట్లతో, కేకలతో వేదిక దిగేదాకా తరమడం. నాటకం ముగిశాక రోమన్ నటుడు ప్రేక్షకులను చప్పట్లు కొట్టమని కోరే ‘ప్లాడిటే’ అన్న మాటకూ దీనికీ లాటిన్ ధాతువు ఒక్కటే. 18వ శతాబ్దపు రంగస్థలంలో చప్పట్లు రాబట్టడానికే ఇరికించిన మాటలను ‘క్లాప్‌ట్రాప్’ అనేవారు. నేడది వట్టి ఊకదంపుడుకు పేరు. ఈ కథలు కావాలంటే ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువుకు వెళ్లాలి, దాన్ని పూర్తిగా చదవాలంటే చందా కట్టాలి.

స్లాంగ్, అంటే వీధి వాడుక మాటల కోసమైతే జొనాథన్ గ్రీన్ స్లాంగ్ నిఘంటువును పక్కన తెరిచి పెట్టుకోవాలని నా సలహా. 2010లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ గ్రంథం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితం. పైగా ప్రతి అర్థం కిందా ప్రయోగాలను సంవత్సరాలతో సహా చూపుతుంది.