పాత స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు సామాను మధ్య దొరికిందీ హబ్, అంటే వెనక చక్రం నడిమి డబ్బా; గేర్లన్నీ దాని లోపలే ఉంటాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైన స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ రకం. పైన కొట్టిన 64 అనే అంకె అది పుట్టిన సంవత్సరం. దాన్ని మన మామూలు నల్ల సైకిల్‌కి వేయించాను.

అదృష్టం ఏంటంటే, మన నల్ల సైకిళ్లది పాత ఇంగ్లిష్ లెక్కే: ముందు 32 పుల్లలు, వెనక 40. ఈ హబ్‌కీ 40 రంధ్రాలే కాబట్టి రిమ్ మార్చే పని పడలేదు. హబ్ లావు కనుక పుల్లలు మాత్రం పొట్టిగా కోసి, మళ్లీ మర వేయించాలి.

రెండో గేరు నేరుగా తిరుగుతుంది, అంటే గేరు లేని మామూలు సైకిల్ లాగే. మొదటిది దానికంటే 25 శాతం తేలిక, మూడోది 33 శాతం బరువు. మాసాబ్‌ట్యాంక్ నుంచి బంజారాహిల్స్ ఎక్కడానికి మొదటిది చాలు. జూబ్లీహిల్స్ లోపలి గుట్టల్లో అయితే దిగి నెట్టాల్సిందే. సిగ్నల్ దగ్గర ఆగాక కూడా గేరు మార్చుకోవచ్చు. కొత్త గేర్ల సైకిళ్లలో చాలావాటికి ఈ సుఖం లేదు. నిర్వహణ అంటే నూనె మూత తీసి నాలుగు చుక్కలు వేయడమే.

టెన్షన్ పెట్టేది ఒకటుంది. కేబుల్ వదులైతే రెండు, మూడు గేర్ల మధ్య పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. లేచి నిలబడి తొక్కుతుంటే మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకోవడం ఖాయం. రెండో గేరులో పెట్టి, కేబుల్ చివర చిన్న గొలుసుతో ఇరుసులోకి వెళ్లే కడ్డీ ఉంటుంది, దాని మెట్టు ఇరుసు చివరతో సమంగా ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి.

మిగతావి నా సొంత చేష్టలు. బెల్లు పైడొప్ప పోతే బేగంబజార్ ఇత్తడి గిన్నె బోర్లించి బిగించాను. బడిగంటలా మోగుతుంది, ఆటోవాళ్లు కూడా తిరిగి చూస్తారు. 6 వోల్టుల డైనమోకి కోఠి గుజరాతీ గల్లీలో కొన్న నాలుగు డయోడ్లు, కరెంటును కాసేపు దాచిపెట్టే ఒక సూపర్ కెపాసిటర్ కలిపి ఎల్ఈడీ పెట్టాను. సైకిల్ ఆగినా లైటు కాసేపు వెలుగుతుంది. డబ్బు పెట్టినందుకు నిజంగా పనికొచ్చిన మార్పు ఇదే.

రాడ్ బ్రేకులు చూడ్డానికి అందం, అంతే. వానలో స్టీలు రిమ్ మీద జారిపోతాయి. ఆ రిమ్ అంచు గుండ్రం కాబట్టి పక్కల నుంచి పట్టే బ్రేకులు సరిపడవు. అందుకే వానాకాలం నేను దీన్ని బయటికి తీయను.

కొనేవాళ్లు ముందు ఇరుసు నట్లు ఉన్నాయో లేదో చూడండి. మన షాపుల్లో దొరికే నట్ల మర దానికి కలవదు.