లాకుల దగ్గరి యువజన కేంద్రం: ఒక తండ్రి అనుభవం

అమలాపురానికి చేరువలో, కాలువ లాకుల పక్కన ఉన్న ఈ కేంద్రానికి మా అబ్బాయి పద్నాలుగు నెలలుగా వెళుతున్నాడు. ఊరివాళ్లు చందాలు వేసుకుని నడుపుతున్నారు కాబట్టి రుసుమేమీ లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కబడ్డీ, వాలీబాల్, క్యారమ్స్ ఉంటాయి. ఆటల గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. కోర్టులో ఒక దీపం ఎప్పుడో మాడిపోయింది, ఇంకా మార్చలేదు.

చెప్పవలసింది కుర్రాళ్ల గొడవలను వీరు ఆపే తీరు గురించి. నిరుడు వినాయక నిమజ్జనం రాత్రి ఒక సినిమా హీరో ఫ్లెక్సీ చిరిగింది. ఎవరు చింపారో నేటికీ తేలలేదు గాని, మా పేట కుర్రాళ్లకూ అవతలి పేట కుర్రాళ్లకూ మధ్య రేవు దగ్గర కర్రలు లేచాయి; మావాడి కనుబొమ చిట్లింది. గంట తిరగకముందే కేంద్రం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు. మరొకరు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చినాయన, కుర్రతనంలో కొట్లాట కేసులో ఇరుక్కుని కోర్టు చుట్టూ తిరిగిన సంగతి ఆయన దాచుకోరు. తప్పెవరిదని వారు అడగలేదు. కుట్లు వేయించి తీసుకువచ్చాక, “బాబూ, ఈ రాత్రికి ఫోను మీ నాన్నగారి దగ్గర ఉంచు” అన్నారు. నెత్తురు కారుతున్న ఫొటో వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కితే తెల్లవారేసరికి ఎంతమంది పోగవుతారో వారికి తెలుసు. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో మొదలైన ఆందోళన మంత్రి, ఎమ్మెల్యేల ఇళ్లు తగలబడేదాకా వెళ్లడమూ, ఆపైన ఇంటర్నెట్ నిలిపివేయడమూ చూసిన మాకు ఆ జాగ్రత్త అతిగా అనిపించలేదు.

రామాలయం అరుగు మీద పెద్దమనుషులు తీర్చే తగవులో జరిమానా వేసి, పదిమందిలో క్షమాపణ చెప్పిస్తారు. నేను చూసినంతలో రెండో గొడవ ఆ అవమానంలోంచే పుడుతుంది. వీరు అలా కాక, వారం రోజులపాటు ఇంటింటికీ విడివిడిగా వెళ్లి, తల్లులతో సహా అందరితో మాట్లాడారు. కేసు పడితే పాస్‌పోర్టుకు పోలీసు విచారణ దగ్గర ఎలాంటి చిక్కు వస్తుందో డ్రైవరుగారు చెబుతుంటే, గల్ఫ్ ప్రయాణం మీద ఆశ పెట్టుకున్న కుర్రాళ్లు నీతిబోధలకు వినని శ్రద్ధతో విన్నారు. హింస అంటువ్యాధిలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని భావించి, అంటువ్యాధుల నిపుణుడు గ్యారీ స్లట్కిన్ 2000లో షికాగోలో మొదలుపెట్టిన కార్యక్రమంలో కూడా ఒకప్పుడు ఆ దారిలో నడిచినవారే మధ్యవర్తులుగా వెళతారు. ఆ సంగతి మన డ్రైవరుగారు విని ఉంటారనుకోను. మావాడూ, వాణ్ణి కొట్టిన అబ్బాయీ స్నేహితులేమీ కాలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని పోతారు. నాకు అది చాలు.

లోపాలు చిన్నవి కావు. తొమ్మిదికి తాళం పడుతుంది, జాతర గొడవలేమో అర్ధరాత్రివేళ జరుగుతాయి. కోడిపందేల బరుల దగ్గర మాటా మాటా పెరిగే సంక్రాంతి మూడు రోజులూ, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కదిలే కనుమతో సహా, కేంద్రం మూసే ఉంటుంది. ఇద్దరిలో ఒకరు ఊళ్లో లేకపోతే పని ఆగిపోతుంది. అన్నిటికన్నా నాకు కష్టం కలిగించినది వేరే ఉంది: తన కూతురి వెంటపడి వేధిస్తున్న కుర్రాడి గురించి ఒక తండ్రి వచ్చి చెప్పుకుంటే, ఫ్లెక్సీ గొడవను సర్దినట్టే దాన్నీ సర్దబోయారు. అది సర్దుబాటు చేయవలసిన విషయం కాదు, పోలీసులకు చెప్పవలసిన విషయం. నేను మొహం మీదే చెప్పాను. మాస్టారు ఒప్పుకున్నారు, డ్రైవరుగారు ఇంకా ఒప్పుకోలేదు.

ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. పిల్లవాణ్ణి పంపదలచినవారు ముందు ఒక సాయంత్రం తామే వెళ్లి కూర్చుని చూడడం మంచిది. సోమవారం సెలవు.