పోస్ట్‌గ్రెస్ ఫ్రీయే, సలహాల దగ్గరే జాగ్రత్త: విజయనగరం నుంచి ఒక రివ్యూ

గంటస్తంభం చుట్టుపక్కల హోల్‌సేల్ బట్టల షాపులకీ, శ్రీకాకుళం వైపు కొన్ని రైసు మిల్లులకీ బిల్లింగు, స్టాకు నడిచే సర్వర్లు నేను చూసుకుంటాను, అన్నిటి కిందా లెక్కలు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్సే. "కొత్తగా పెడుతున్నాం, ఏ డేటాబేస్ వెయ్యమంటావు" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయేరు, ప్రతోళ్ళకీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా. స్టార్లంటే నాలుగు. ఐదోది ఎక్కడ కోసేనో కింద వస్తుంది.

ఇది ఏదో ఒక కంపెనీ సరుకు కాదు. 1986లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసర్ మొదలెట్టిన ప్రాజెక్టు, 1996 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది, ఏటేటా కొత్త వెర్షన్ వస్తుంది. లైసెన్సుకి రూపాయి కట్టక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫ్రీ ఎడిషన్‌లో 2022 వెర్షన్ దాకా ఒక డేటాబేస్‌కి 10 జీబీ అని గీత ఉండేది కదా, ఇక్కడ మన షాపులకి తగిలే గీతేమీ లేదు. కస్టమర్ కేర్ నెంబరు మాత్రం ఉండదు. రాత్రి షాపు మూసే టైముకి సర్వర్ పడిపోతే తిట్టడానికి ఎవరూ దొరకరు, అడగడానికైతే బోల్డంతమంది. అందుకే సాఫ్ట్‌వేర్ గురించి ఎంత రాయాలో, దాని చుట్టూ దొరికే సలహాల గురించీ అంత రాయాలి. సాఫ్ట్‌వేర్ పాడుచేసిన సర్వర్‌ని నేనింకా చూడలేదు గానీ సలహా పాడుచేసినవి చూసేను.

ఒకటి చెప్తా. ఒక షాపులో పొద్దున్నే బిల్లింగు లేవలేదు, చూస్తే డిస్క్ నిండిపోయింది, నింపింది పీజీ వాల్ అనే ఫోల్డరు. అది దేనికంటే, మన షాపుల్లో ముందు చిట్టా రాసి తర్వాత ఆవర్జాలోకి ఎక్కిస్తారు చూడండి, పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పునీ ముందు అక్కడ రాసుకుంటుంది, మామూలుగా ఒక్కో ఫైలు 16 ఎంబీ, పని అయిపోయిన ఫైళ్ళని తనే తీసేస్తుంది. ఇక్కడ తియ్యట్లేదు. మా వాట్సాప్ గ్రూపులో స్క్రీన్ ఫొటో పెట్టిన నిమిషానికే ఒకతను "లాగ్ ఫైళ్ళేగా బ్రో, డిలీట్ కొట్టేయ్" అన్నాడు. అదే గ్రూపులో వైజాగ్‌లో చాలాకాలం ఇదే పని చేసిన పెద్దాయన ఉన్నారు, అందరం మేస్టారూ అంటాం, ఆయన రాసింది ఇది: "ఏటీ డిలీట్ చెయ్యకు బాబూ. వెర్షనెంత? లాగ్‌లో ఆఖరి ఇరవై లైన్లు పెట్టు. స్టాండ్‌బై ఏదైనా ఉండేదా ఇదివరకు?"

ఉండేది. ఇంతకుముందు చూసిన వెండరు గోడౌన్‌లో స్టాండ్‌బైగా, అంటే మొదటిదానికి నకలుగా, రెండో సర్వర్ ఒకటి పెట్టి, దానికి రెప్లికేషన్ స్లాట్, అంటే అది ఎంతవరకు చదివిందో గుర్తుపెట్టుకునే చోటు, కట్టి, తర్వాత ఆ మెషీన్ పీకేసి పట్టుకుపోయేడు, స్లాట్ మాత్రం ఒగ్గేసి పోయేడు. పాపం పోస్ట్‌గ్రెస్, ఆ రెండోది ఎప్పటికైనా వచ్చి అడుగుతుందని నెలల తరబడి ఒక్క ఫైలూ పారెయ్యకుండా దాచింది. మేస్టారు చెప్పిన ప్రకారం అదే డిస్క్‌లో ఉన్న పాత బ్యాకప్పుల్ని వేరే డ్రైవ్‌లోకి మార్చి కాస్త జాగా చేసి, సర్వర్ లేపి, పీజీ రెప్లికేషన్ స్లాట్స్ అనే వ్యూ చూస్తే యాక్టివ్ అన్న కాలమ్‌లో "ఎఫ్", అంటే ఎవరూ వాడట్లేదు, అని ఒకే ఒక వరస. దాన్ని డ్రాప్ చేసి చెక్‌పాయింట్, అంటే చిట్టాలోవి ఆవర్జాలోకి ఎక్కించెయ్యమనే కమాండు, కొట్టగానే ఫోల్డరు దానంతటదే ఖాళీ అవడం మొదలెట్టింది. ఆ మొదటతని మాట విని చేత్తో డిలీట్ కొట్టుంటే, రికవరీకి కావలసిన ఫైలు కూడా పోయి సర్వర్ అసలు లేచేదే కాదు. ఇంకో సంగతేటంటే 10వ వెర్షన్ ముందు దాకా ఈ ఫోల్డరు పేరు పీజీ ఎక్స్‌లాగ్, పేరులో లాగ్ అని చూసి జనం డిలీట్ కొట్టేస్తున్నారనే 2017లో పేరు మార్చేరు, అయినా మన గ్రూపుల్లో ఆ సలహా చావలేదు. 13వ వెర్షన్ నుంచి స్లాట్ ఎంతవరకు దాచాలో ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకునే సెట్టింగు ఉంది, డీఫాల్ట్‌గా మాత్రం పరిమితి లేదు, మీరే పెట్టుకోవాలి.

అప్పట్నుంచి నా కొలబద్ద ఒకటే, వెర్షనూ లాగూ అడక్కుండా వచ్చే సలహాని సర్వర్ దగ్గరికి రానివ్వను. చెప్పేవాడు పెద్ద కంపెనీలో చేసినా సరే.

దసరా, సిరిమానోత్సవం రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. షాపుల్లో అదనపు కౌంటర్లు, సేల్స్ కుర్రాళ్ళ ఫోన్లలో స్టాక్ యాప్, అన్నీ ఒకేసారి మీదపడితే "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని వచ్చి కూర్చుంటుంది. మ్యాక్స్ కనెక్షన్స్ డీఫాల్ట్ 100. దానికి దొరికే రెడీమేడ్ సలహా: వెయ్యి పెట్టేయ్. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ లేస్తుంది, పైగా సార్టింగు లాంటి పనులకి ఒక్కోటి వర్క్ మెమ్ ఎంతుంటే అంత, డీఫాల్ట్ 4 ఎంబీ, తీసుకుంటుంది, ఒకే క్వెరీలో అలాంటివి నాలుగైదు ఉంటే అన్నిసార్లు తీసుకుంటుంది, 8 జీబీ మెషీన్ మీద వెయ్యి పెడితే పండగ రోజే ర్యామ్ అయిపోయి మొత్తం కూలొచ్చు. ముందు పీజీ స్టాట్ యాక్టివిటీ, అంటే ఇప్పుడు ఎవరు కనెక్టయి ఏం చేస్తున్నారో చూపే లిస్టు, చూడాలి. నేను చూసినప్పుడు దాదాపు అన్నీ ఐడిల్, అంటే యాప్ కనెక్షన్ తెరిచి మూయట్లేదు అంతే. మధ్యలో పీజీబౌన్సర్ పెట్టేం, అది కూడా ఫ్రీయే, ముందు ఎంతమంది నిలబడినా వెనక డేటాబేస్‌కి కొద్ది కనెక్షన్లే వెళ్తాయి. ఈ ముక్క చెప్పింది కూడా ముక్కూమొహం తెలీని మనిషే, ఓపిగ్గా నా కాన్ఫిగ్ ఫైలు మొత్తం చదివి మరీ చెప్పేడు, అలాంటోళ్ళు ఉన్నారు కాబట్టే ఇది నడుస్తోంది.

అదే లిస్టులో ఇంకోటి కనబడింది, "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని పొద్దుట్నుంచి ఒక వరస. కౌంటర్లో అమ్మాయి సగం బిల్లు ఎక్కించి భోజనానికి వెళ్ళింది, తర్వాత వేరే సిస్టమ్‌లో కూర్చుంది, ఆ సగం బిల్లు అలాగే తెరిచి ఉంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, యాప్ రాసినోడు సేవ్ నొక్కేదాకా ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచేలా రాసేడు. అది తెరిచున్నంతసేపూ ఆ తర్వాత చచ్చిన (మార్చిన, చెరిపిన) పాత వరసల్ని వాక్యూమ్ అనే ఊడ్చే పని తియ్యలేకపోతుంది, టేబుల్ ఉబ్బిపోతుంది, సెర్చ్ నెమ్మదిస్తుంది, ఓనరు "ఏటయ్యా నీ సిస్టమ్, కాయితం మీదే నయం" అంటాడు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్ అని ఒక సెట్టింగు ఉంది, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, కొన్ని నిమిషాలకి పెట్టుకోండి. ఇక్కడ కూడా ఒక మహానుభావుడు "వాక్యూమ్ ఫుల్ కొట్టు, స్పీడ్ వచ్చేస్తది" అని చెప్తాడు. మామూలు వాక్యూమ్ వేరు, ఫుల్ వేరు. మామూలుది షాపు నడుస్తుండగా కొట్టినా పర్వాలేదు. ఫుల్ కొడితే టేబుల్ మొత్తం కొత్తగా రాస్తుంది, అయ్యేదాకా ఆ టేబుల్ చదవడానికి కూడా ఎవరికీ దొరకదు, పైగా అంత ఖాళీ డిస్క్ ఉండాలి. మిట్టమధ్యాహ్నం కొడితే కౌంటర్లన్నీ గడ్డకట్టినట్టే.

కరెంటు విషయంలో మాత్రం దీనికి దండం పెట్టొచ్చు. మన వైపు గాలీ వానా సంగతి తెలిసిందే, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. యూపీఎస్ కూడా చచ్చి సర్వర్ టప్పున ఆగిపోయినా, మళ్ళీ కరెంటు వచ్చి లేచేటప్పుడు లాగ్‌లో "ఆటోమేటిక్ రికవరీ ఇన్ ప్రోగ్రెస్" అని వస్తుంది, ఆ చిట్టా చదువుకుని తనే సర్దుకుంటుంది, మనం టీ తాగొచ్చు. ఒక్క షరతు. స్పీడ్ కోసం ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్క్ మీదకి చేరేలా చూసే సెట్టింగు) ఆఫ్ చెయ్యమని ఎవరైనా చెప్తే ఆ నెంబరు బ్లాక్ చేసెయ్యండి, అది ఆపేసి ఉండగా కరెంటు పోతే డేటా మొత్తం పాడైపోవచ్చు. అంత స్పీడ్ కావాలంటే సింక్రనస్ కమిట్ (ప్రతి బిల్లూ చిట్టాలో పడేదాకా ఆగే సెట్టింగు) ఆఫ్ చేసుకోండి, చివరి ఒకటీ అరా బిల్లులు పోతాయేమో గానీ డేటాబేస్ పాడవదు. పీజీ డంప్ అనే బ్యాకప్ మాత్రం రోజూ తీసి వేరే బిల్డింగులో పెట్టండి, అదే బీరువాలో కాదు.

ఇంక స్టార్ కోసింది అప్‌గ్రేడ్ల దగ్గర. ఒక వెర్షన్‌కి ఐదేళ్ళే ప్యాచ్‌లు, 13 వాడేవాళ్ళకి 2025 నవంబరుతో ఆగిపోయేయి. మేజర్ వెర్షన్ మారాలంటే పీజీ అప్‌గ్రేడ్ తోనో, డంప్ రిస్టోర్ తోనో చెయ్యాలి, దానంతటది మారదు. 17 దాకా అయితే పీజీ అప్‌గ్రేడ్ తర్వాత టేబుళ్ళ గణాంకాలు, అంటే ఏ దారిన వెతకాలో తేల్చుకోడానికి అది వాడే లెక్కలు, కొత్త దాంట్లోకి రావు, ఎనలైజ్ కొట్టకపోతే నిన్నటిదాకా క్షణంలో వచ్చిన రిపోర్టు ఇవాళ కదలదు, 18లో చాలావరకు సరిచేసేరు. దీనికన్నా దొంగది ఇంకోటుంది, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చకుండా కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు మార్చినా దెబ్బే. ఉబుంటు 18.04 నుంచి 20.04కి డేటా ఫోల్డరు ఉన్నదున్నట్టు కాపీ చేసి తెచ్చుకుంటే, మధ్యలో జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ 2.28 దగ్గర అక్షరాల వరస మారిపోయింది, పాత ఇండెక్సులు (త్వరగా వెతకడానికి కట్టుకునే సూచికలు) పాత వరసలోనే ఉంటాయి. బట్టల కోడ్లలో 1-1 అనీ 11 అనీ ఉంటే ముందు ఏది వస్తుందన్నది తిరగబడింది. అంతే, కోడ్ కొడితే "లేదు" అంటుంది, లిస్టులో చూస్తే కళ్ళముందే ఉంటుంది, యూనిక్ అని పెట్టిన చోట ఒకే కోడ్ రెండుసార్లు ఎక్కేస్తుంది. అప్పల, పైడి అని మొదలయ్యే పార్టీ పేర్లు మన జిల్లాలో లెక్కలేనన్ని, వాటి మీద ఇండెక్సుంటే ముందే చూసుకోండి. ముందు రెండుసార్లు ఎక్కినవి ఏరేసి, టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చెయ్యాలి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి కొలేషన్ (అక్షరాల వరస) వెర్షన్ తేడా ఉందని డేటాబేస్‌కి కనెక్ట్ అయినప్పుడు వార్నింగ్ ఇస్తుంది, చాలామంది అది చూసి ఎంటర్ కొట్టి ముందుకెళ్ళిపోతారు. డంప్ తీసి రిస్టోర్ చేసుకున్నవాళ్ళకి ఈ గొడవ లేదు, ఇండెక్సులు కొత్తగా కట్టుకుంటాయి కాబట్టి. ఒక్క కౌంటరు, ఒక్క మనిషి ఉన్న చిన్న కొట్టయితే ఇదంతా మీకెందుకు, ఉన్న టాలీ చాలు.