గోస్ట్‌బస్టర్స్, కమడోర్ 64: ఆ అకౌంట్ నంబర్ కోసమే ఇంకా ఆడుతున్నా

సినిమా పేరు పెట్టుకుని వచ్చే ఆటలంటే నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. అట్ట మీద హీరోలు, లోపల ఏదో ఒక గెంతులాట. అదే పేరున్న దయ్యాల సినిమా మీద 1984లో యాక్టివిజన్ కంపెనీ తెచ్చిన గోస్ట్‌బస్టర్స్ ఆ బాపతు కాదు. ఫిన్లాండ్‌లోని టాంపెరెలో పాత సామాన్లమ్మే చోట కమడోర్ 64 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కొన్నప్పటి నుంచి ఆడుతూనే ఉన్నాను, మొహం మొత్తలేదు. (ఒకప్పుడు ఫిన్లాండ్‌లో ఈ మెషీన్‌ని ‘రిపబ్లిక్ కంప్యూటర్’ అని ప్రచారం చేసి అమ్మారు. ఇక్కడి కామెడీ పాత్ర ఊనో తుర్హపురో సినిమా మీద 1986లో అమెర్సాఫ్ట్ అనే కంపెనీ ఇదే మెషీన్‌కి తెచ్చిన ఆట కోసం కూడా వెతుకుతున్నాను. ఇంకా చేతికి రాలేదు.)

దయ్యాల వేట, టైటిల్ పాట, స్పీకర్‌లోంచి వచ్చే ఆ అరుపు, వీటి గురించి ఆడిన ప్రతివాళ్లూ చెబుతారు. నన్ను పట్టేసింది అకౌంట్ నంబర్.

ఆట మొదట్లో పేరు అడుగుతుంది, అకౌంట్ ఉందా అని అడుగుతుంది. లేదంటే బ్యాంకు 10,000 డాలర్లు ఇస్తుంది. దాంతో కారు, బోనులు, మిగతా సరంజామా కొనుక్కుని దయ్యాలు పట్టే వ్యాపారం పెట్టాలి. చివర్లో లాభంతో బయటపడితే తెర మీద కొన్ని అంకెలు వస్తాయి. వాటిని కాగితం మీద రాసుకుని, మళ్లీ ఆడినప్పుడు అదే పేరు, అవే అంకెలు కొడితే మన డబ్బు మనకి వచ్చేస్తుంది. క్యాసెట్ మీద ఏదీ సేవ్ అవదు.

దీని అసలు గొప్పతనం నాకు విజయవాడలో తెలిసింది. సెలవులకి వెళ్లినప్పుడు మా బావమరిది లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) వేసి ఇదే ఆట పెట్టాడు. నా పర్సులో ఆ చీటీ ఉంది. పెద్ద ఆశేం లేకుండానే పేరు కొట్టాను, అంకెలు ఒక్కొక్కటిగా చూసుకుంటూ కొట్టాను. టాంపెరెలో సంపాదించిన మొత్తం, ఒక్క డాలర్ తేడా లేకుండా, తెర మీదికొచ్చింది. వాడు నెట్ ఆపేసి మళ్లీ చూశాడు. మళ్లీ వచ్చింది. “ఇదెక్కడ దాచింది బావా?” అన్నాడు. ఎక్కడా దాచలేదు. పేరునీ బ్యాలెన్స్‌నీ కలిపి లెక్కగట్టి ఆ అంకెలు తయారుచేస్తుంది. మనం తిరిగి కొట్టగానే ఆ లెక్కని వెనక్కి విప్పి డబ్బు ఎంతో తేలుస్తుంది. పేరులో ఒక్క అక్షరం మారినా కుదరదు. ఆ మధ్యాహ్నం వాడికి అంత ఉత్సాహంగా ఇంకేదీ చెప్పలేదు నేను. ప్రోగ్రామర్ డేవిడ్ క్రేన్ ఈ ఆటని ఆరు వారాల్లో, అదీ సగంలో ఉన్న ఒక కార్ల ఆటని మార్చి, పూర్తి చేశాడంటారు. అంత హడావుడిలో కూడా ఆడేవాడి డబ్బు గురించి ఇంత ఆలోచించడం నాకు నిజంగా ముచ్చటేస్తుంది.

అయితే ఒకటి. డబ్బు పెరిగేకొద్దీ ఆట సులువవుతుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. సగమే నిజం. 10,000తో ఎప్పటికీ అందని 15,000 డాలర్ల స్పీడ్ కారు, నిండిన బోనులు ఖాళీ చేయడానికి మాటిమాటికీ హెడ్‌క్వార్టర్స్‌కి పరిగెత్తే బాధ తప్పించే 8,000 డాలర్ల లేజర్ పెట్టె, రెండూ వచ్చేస్తాయి. కానీ చివరి ఘట్టంలోకి వెళ్లనివ్వాలంటే మొదలుపెట్టినప్పటి కంటే ఎక్కువ డబ్బుండాలి. అంటే ఆ రెండింటికీ పెట్టిన 23,000 మళ్లీ రాబట్టుకున్నాకే లాభం లెక్క మొదలు. నగరంలో దయ్యాల శక్తి చూపించే ఎనర్జీ మీటర్ 9999 వైపు పోతుంటుంది, ఒక్కో దయ్యానికి వచ్చేది వందల్లో, ఈలోగా మార్ష్‌మాలో మనిషి (మెత్తటి మిఠాయితో చేసినట్టుండే భారీ దయ్యం) వస్తున్నాడని అలర్ట్. వెంటనే ఎర వేస్తే 2,000 బహుమతి, లేకపోతే ఒక బిల్డింగ్ నేలమట్టమై 4,000 పోతుంది. సరిగ్గా గట్టెక్కానన్న సమయంలో అది వస్తే టెన్షన్‌తో చేతులు చెమట పడతాయి. కష్టం కంటే నన్ను విసిగించేది మధ్యలో వచ్చే డ్రైవింగ్. కొత్తలో బావుంటుంది, డబ్బున్నవాడికి అదే రోడ్డు, అదే దారి. అందుకే ఇప్పుడు కొత్త పేరుతో, 2,000 డాలర్ల చిన్న కారుతోనే ఎక్కువ ఆడుతున్నాను.

ఇది అందరికీ నచ్చుతుందని చెప్పలేను. నాకు డ్యూటీ అయ్యాక రాత్రి కాసేపే దొరుకుతుంది, అరగంటలో గెలుపో ఓటమో తేలిపోవడం, మిగిలింది చీటీ మీద ఉండిపోవడం నా రోజుకి సరిపోయాయి. వారాంతమంతా ఖాళీగా ఉండి, కొత్త కొత్త చోట్లు చూడాలనుకునేవాళ్లకి రెండో రోజుకే బోరు కొట్టొచ్చు. కొనేటట్టయితే డిస్క్ చూసుకోండి. క్యాసెట్ లోడయ్యేదాకా కూర్చోవడానికి చాలా ఓపిక కావాలి, టేపు పాతదైతే మధ్యలో ఆగిపోతుంది కూడా.