హార్డ్‌కోర్ పంక్ బృందం: అనంతపురంలోనా, బెంగళూరులోనా?

వేగంగా, గట్టిగా, అరుపులతో సాగే రాక్ సంగీతమే హార్డ్‌కోర్ పంక్. దాని బృందాన్ని ఊళ్లోనే నడపాలా, బెంగళూరు వెళ్లాలా? అనంతపురంలో గిటార్లు పట్టిన విద్యార్థుల ముందు ఎప్పుడూ నిలిచే ప్రశ్న ఇది.

ఖర్చు: బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు, డ్రమ్ములతో రానూపోనూ బాడుగే భారం. ఇక్కడైతే చిన్న హాలు, అద్దె స్పీకర్లు చాలు.

శ్రమ: అక్కడ వేదిక, శ్రోతలు సిద్ధం. ఇక్కడ శ్రోతలను కూడా మీరే తయారుచేసుకోవాలి. నా దృష్టిలో అసలైన పని అదే. వాషింగ్టన్ డి.సి. హార్డ్‌కోర్ చరిత్ర చూడండి. 1980లో టీన్ ఐడిల్స్ బృందం విడిపోయినప్పుడు, కచేరీల్లో కూడబెట్టిన డబ్బుతో సొంత రికార్డు వేసుకుంది. రికార్డు పెట్టే అట్టలు చేతులతోనే మడిచి అంటించారు. డిస్కార్డ్ రికార్డ్స్ అనే రికార్డు సంస్థ అలా పుట్టింది. అదే ఊరి బ్యాడ్ బ్రెయిన్స్ బృందం మాత్రం న్యూయార్క్ వెళ్లి, తొలి ఆల్బమ్ అక్కడే రికార్డు చేసి 1982లో క్యాసెట్‌గా తెచ్చింది. రెండు దారులూ ఫలించాయి.

రిస్కు: అక్కడ పది బృందాల్లో ఒకటిగా మిగిలిపోవచ్చు. ఇక్కడ చప్పుడుకు ఇరుగుపొరుగు అడ్డుచెప్పవచ్చు. రాత్రి 10 దాటకముందే ముగించాలి.

పాటలు పదునెక్కి, మంచి స్టూడియో అవసరమైతే బెంగళూరు వెళ్లండి. ఇంకా సాధనలోనే ఉంటే, తెలుగులో రాస్తుంటే, అనంతపురం వదలకండి. స్కూలు పిల్లలు కూడా వచ్చేలా కచేరీ సాయంత్రం పెట్టండి.