జేజే ఈసీసీ83ఎస్: ఫోనో ప్రీయాంప్‌కి ఏ వాల్వు, ఎలా చూసుకోవాలి

ఫోనో ప్రీయాంప్‌లో (రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే పెట్టెలో) వాడే 12ఏఎక్స్7 వాల్వు (వాక్యూమ్ ట్యూబు) కావాలని వెతికితే మొదట కనిపించేది స్లొవాకియాలోని చాడ్సా పట్టణంలో తయారయ్యే జేజే ఈసీసీ83ఎస్. ఈసీసీ83, 12ఏఎక్స్7 రెండూ ఒకే వాల్వుకి యూరప్, అమెరికా పేర్లు. రికార్డ్ ప్లేయర్‌కి వాల్వు ప్రీయాంప్ వాడేవాళ్లు మొదటి స్టేజీకి (సిగ్నల్‌ని పెంచే మొదటి అంచెకి) కళ్లు మూసుకుని కొనదగ్గది ఇదే. ధ్వని అద్భుతంగా ఉంటుందని కాదు, గోల చేయదని.

ఫోనో మొదటి స్టేజీకి ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జి, అంటే సూది ఉండే భాగం నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే. అక్కడ వాల్వు చేసే ప్రతి చప్పుడూ తర్వాతి స్టేజీల్లో పెరిగి పెద్దదై స్పీకర్‌లో వినిపిస్తుంది. ఈ జేజే వాల్వులో ప్లేట్లు (లోపలి లోహపు రేకులు) పొట్టివి, కాబట్టి కదలిక తక్కువ. పొడవు ప్లేట్లున్న ఈసీసీ803ఎస్ గానీ, సోవ్‌టెక్ 12ఏఎక్స్7ఎల్‌పీఎస్ గానీ విశాలంగా వినిపిస్తాయంటారు. నిజమే కావచ్చు, కానీ స్పీకర్ బేస్‌కి అదిరి ‘టంగ్’మనే అవకాశం వాటికే ఎక్కువ. ఎల్‌పీఎస్‌లో హీటర్ (వాల్వుని వేడిచేసే తీగ) స్పైరల్‌గా చుట్టి ఉంటుంది కాబట్టి హమ్ (కరెంటు గుర్రు) తక్కువ. అయినా ఆ అదురు వల్ల దాన్ని రెండో స్టేజీలో పెట్టుకోవడం మేలు. జేజేలో లోపమంటే పై స్వరాలు కాస్త మూసుకున్నట్టుంటాయి. వీణ తీగ మీటు కొంచెం మెత్తబడుతుంది. బంగారు పిన్నుల రకానికి అదనంగా డబ్బు పెట్టాల్సిన పనిలేదు, సాకెట్ కాంటాక్టులు మామూలువైనప్పుడు పిన్ను బంగారమైతే ఒరిగేదేమీ లేదు.

కొనేటప్పుడు ‘లో నాయిస్’, ‘బ్యాలెన్స్‌డ్’ అని ఎంచి అమ్మే వాల్వుకే కొంచెం ఎక్కువ ఇవ్వండి. చాలా ప్రీయాంపుల్లో ఒకే వాల్వులోని రెండు ట్రయోడ్‌లూ (సిగ్నల్‌ని పెంచే భాగాలు) చెరో ఛానెల్‌కి పనిచేస్తాయి. వాటి గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతాయన్నది) సమానంగా లేకపోతే గాయని గొంతు ఒక పక్కకి జరుగుతుంది. టెలిఫంకెన్ లాంటి పాత స్టాక్ కోసం వెంపర్లాడేవాళ్లు కింద పిన్నుల మధ్య గాజులోనే పోతపోసిన వజ్రం గుర్తు ఉందో లేదో చూడాలి. పక్కన అచ్చేసిన పేరు ఎవరైనా వేసుకోవచ్చు.

సీడీ, ఫోన్ వినే లైన్ స్టేజీలో 12ఏఎక్స్7 ఉండి వాల్యూం కాస్త తిప్పగానే మోత మోగిపోతుంటే, గెయిన్ తక్కువున్న 12ఏయూ7 గుచ్చేస్తే సరిపోతుందని అనుకోవద్దు. పిన్నులు సరిపోతాయి, సర్క్యూట్ సరిపోదు. 250 వోల్టుల సప్లై, 100 కిలోఓంల ప్లేట్ రెసిస్టర్, 1.5 కిలోఓంల కాథోడ్ రెసిస్టర్ ఉన్న స్టేజీలో 12ఏఎక్స్7 సుమారు 0.86 మిల్లీఆంపులు తీసుకుంటుంది, ప్లేట్ 164 వోల్టుల దగ్గర నిలుస్తుంది. అదే చోట 12ఏయూ7 దాదాపు రెట్టింపు కరెంటు లాగి ప్లేట్‌ని వందలోపుకు దించేస్తుంది. గెయిన్ తగ్గడమే కావాలంటే 5751 వేయండి. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 70, 12ఏఎక్స్7ది 100. ఫోనోలో మాత్రం ఆలోచించి మార్చండి, ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డులో తగ్గించిన బేస్‌ని, పెంచిన పై స్వరాల్ని తిరిగి సరిచేయడం) కొంత గెయిన్ మీద ఆధారపడి ఉంటే బేస్ లెక్క తప్పుతుంది. ఇక 6డీజే8 అనే వాల్వుని ఈ సాకెట్లలో అసలు పెట్టొద్దు. దాని హీటర్ వైరింగ్ వేరు, ప్లేట్ తట్టుకునేది 130 వోల్టులే.

మార్చే ముందు ప్లగ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగండి, తర్వాత మీటర్‌తో సప్లై కెపాసిటర్ మీద కొలవండి. 10 వోల్టుల లోపు వచ్చాకే చెయ్యి పెట్టాలి. వాల్వుని తిప్పకుండా కొద్దిగా చుట్టూ ఊపుతూ నిటారుగా పైకి లాగాలి. తొమ్మిది పిన్నుల్లో ఒకటి వంగినా కొత్త వాల్వుని బలవంతంగా నొక్కితే పిన్ను మొదట్లో గాజు చిట్లుతుంది. లోపల పైన వెండిలా మెరిసే గెట్టర్ తెల్లబడిందంటే గాలి దూరిందని అర్థం, అది పారేయాల్సిందే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో చిటపటకి సగం సార్లు కారణం వాల్వు కాదు, నల్లబడ్డ సాకెట్. పిన్నుల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, సాకెట్‌లో పెట్టి తీసి రెండు మూడు సార్లు చేయండి. వదులైన కాంటాక్టుని సూదితో లోపలికి నొక్కండి. గాజు మీద అచ్చుకి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, చెరిగిపోతుంది.

బుస ఎక్కడిదో తేల్చడానికి ఒక్కో ఛానెల్‌కి వేరే వాల్వు ఉంటే ఎడమ, కుడి వాల్వులు మార్చి చూడండి. శబ్దం పక్క మారితే వాల్వు, మారకపోతే రెసిస్టరో కెపాసిటరో. రెండు పక్కలా ఉంటే పవర్ సప్లై మీద అనుమానం. రబ్బరు ఉన్న పెన్సిల్‌తో గాజుని మెల్లగా తడితే కొద్దిగా వినిపించడం మామూలే. మోగి ఆగకపోతే ఆ వాల్వుని మొదటి స్టేజీ నుంచి తీసేయండి. ఏడాదికోసారి మార్చాలన్నది అమ్మేవాళ్ల మాట. సరిగ్గా నడిచే ప్రీయాంప్ వాల్వు కొన్ని వేల గంటలు పనిచేస్తుంది.

హీటర్ వోల్టేజీ మాత్రం కొలిచి తీరాలి. 220 వోల్టులకి చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కి రాత్రిపూట 245 వస్తే, 6.3 ఉండాల్సిన హీటర్ 7.0కి వెళుతుంది. 10 శాతం సడలింపు కలిపినా 6.9 దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌కి 240 వోల్టుల ట్యాప్ (వేరే కనెక్షన్) ఉంటే దానికి మార్చండి. లేకపోతే, రెండు వాల్వులు 6.3 మీద కలిపి 0.6 ఆంపులు తీసుకుంటాయి కాబట్టి 0.7 తగ్గించడానికి 1.2 ఓంల, 2 వాట్ల రెసిస్టర్ చాలు. ఏసీ హీటర్ మధ్య తీగ గ్రౌండ్‌కి వెళుతుంటే ఆ రెసిస్టర్‌ని రెండు 0.56 ఓంలుగా విడగొట్టి చెరో కొసన వేయండి, లేకపోతే హమ్ పెరుగుతుంది.