ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్: నిండుగా ఉంటే మేలా, ఖాళీగా ఉంటే మేలా?

మేము వాడుతున్న ఈ రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ (లోపల మంచు పేరుకోని) ఫ్రిజ్ చల్లదనం విషయంలో నమ్మదగినదే గాని, పై అరలో వెనుక ఉన్న, చల్లగాలి వచ్చే రంధ్రాలకు ఆనించి గిన్నె పెడితే అందులోని పెరుగు అంచున మంచు పలుకులు కడతాయి, కింది అరలో పాలు మాత్రం తగినంత చల్లబడవు. ఒక డిగ్రీ వేడెక్కడానికి అంతే పరిమాణపు గాలి కంటే నీరు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడిని తీసుకుంటుంది కనుక, చల్లబడిన నీళ్ల సీసాలు లోపల ఉంటే తలుపు తీసినా ఉష్ణోగ్రత అంతగా పెరగదు. అలాగని కరెంటు బిల్లు సగమవుతుందనుకోవడం అత్యాశే, ఎందుకంటే ఖర్చులో ఎక్కువ భాగం గోడల గుండా చొరబడే వేడిని బయటికి తోడడానికే పోతుంది. పొగలు కక్కే వంటకం పెడితే కంప్రెసర్ చాలాసేపు ఆగదు. మొత్తం మీద కొనదగినదే, కాని ఆ రంధ్రాల ముందు చిన్న అడ్డుకమ్మీ అమర్చి ఉండాల్సింది.